మేకు గీతలు

మౌలాలి పోయి రేపటికి నలభై రోజులు.
యూనియనాఫీసులో ఫోటో పెడదామంటే
యూనియనాఫీసు ఎక్కడుంది?
అదిప్పుడు సెల్లు రిపేరు కొట్టు.
ఎర్ర బోర్డు తిరగేసి
టీ బంకోడు పొయ్యికి గాలడ్డం పెట్టుకున్నాడు.

మార్కాపురం పలకలోళ్ళం.
ఎక్కడెక్కడి పిల్లకాయలో అక్షరం దిద్దుకునే రాయిని
గనిలో దిగి పొర పొరగా ఒలిచినోళ్ళం.
కూలి పుస్తకంలో మాత్రం వేలిముద్ర.
నేను చట్రాలకు మేకులు కొట్టే మనిషిని,
అయిదు దాకా చదివినందుకు
యూనియనుకి డబ్బులపెట్టె నాది.
"చందాలు బుక్కులో రాయొద్దు సాలమ్మా,
పలక మీద రాయి" అనేవాడు మౌలాలి.
పలకైతే, కట్టలేనోడి బాకీ
ఉమ్మితడితో తుడిచెయ్యొచ్చంట.
అట్లా తుడిచీ తుడిచీ
మా లెక్కల్లో ఏమీ మిగల్లా.
మొన్న ఒంగోలు నుంచి ఒక కుర్రోడొచ్చి
ఆయన గురించి ఆధారాలేమన్నా ఉన్నాయామ్మా అంటే
మంచినీళ్ళిచ్చి పంపించా.

సమ్మె ముప్పై ఏడో రోజు
గని యజమాని కబురు పెట్టాడు.
ఎంత పెంచమంటావయ్యా కూలి, అన్నాడు.
మౌలాలివి దట్టమైన కనుబొమలు,
వాటి మీద ఎప్పుడూ రాతిపిండే.
తల ఒక్క విదిలింపు విదిలించాడు.
గాజుబల్ల మీద తెల్లగా రాలింది.
"ముందు దీని రేటు కట్టు."

ఈ మాట ఊరంతా చెప్పుకుంటారు.
రెండో మాట ఎవరూ ఎత్తరు.
నీళ్ళు చిమ్ముకుంటా కోసే మిషను
రానియ్యమని సంతకం పెట్టింది కూడా ఆ చెయ్యే.
నలుగురి పని అదొక్కటే చేసుద్ది.
దుమ్ము లేవదు.
"నలుగురూ దగ్గుతా చచ్చేకంటే
ఒక్కడన్నా దగ్గకుండా బతకనీ" అన్నాడు.
మరి మిగతా ముగ్గురు?

ఆ ముగ్గురిలో మా తమ్ముడు నాగులు.
చీమకుర్తి గ్రానైటుకి పోతా పోతా
ఆయన గుమ్మం మీద ఉమ్మేసి పోయాడు.
మౌలాలి తుడవలా.
ఎండకి అదే ఆరింది.
ఆ ఏడు యూనియను ఎన్నికల్లో
ఆయనకి పదకొండు ఓట్లు.
ఒకటి నాది. నాగులుకి ఇంతవరకూ చెప్పలేదు.

ఒప్పు చేశాడా తప్పు చేశాడా, నన్నడక్కండి.
మిషను కాడ చేసిన నా కొడుకు
నలభై దాటినా మెట్లు గబగబా ఎక్కుతాడు.
వాళ్ళ నాయిన ముప్పై నాలుగుకే
గోడకానుకుని కూచుని నిద్రపోయేవాడు,
పడుకుంటే ఊపిరందక.
టీబీ అని రాశారు చీటీలో.
ఆ మాట కొట్టేయించడానికి
గుంటూరు పెద్దాసుపత్రి చుట్టూ
ఎన్ని బస్సులెక్కాడో మౌలాలి.
"రాయి సామీ, రాయి అని రాయి.
ఈడి రొమ్ములో ఉంది రాయి."
డాక్టరుకి నవ్వొచ్చిందంట.
రాసేసరికి మా ఆయన లేడు.

చందాల పలక ఒక్కటి నా దగ్గరే ఉంది.
ముందువైపు ఖాళీ.
వెనకవైపు మౌలాలి మేకుతో గీసిన గీతలు,
దుమ్ముకి పోయినోళ్ళకి తలా ఒకటి.
బలపం కాదు, తుడిస్తే పోదు.
నలభై మూడు.
నలభై నాలుగోది రాత్రి నేను గీశా.
చెయ్యి వణికి పక్క గీతలోకి జారింది.
అది మా ఆయనదో, ఇంకెవరిదో.

పొద్దున నాగులొచ్చాడు, పిలవకుండానే,
మనవరాలిని వెంటేసుకుని.
లోపలికి రాలా. అరుగు మీదే కూచున్నాడు.
వాడి దగ్గు నాకు తెలుసు,
ఏ రాయిదైనా ఒకటే దగ్గు.
టీ ఇస్తే గ్లాసు అట్లాగే పట్టుకుని
"చివర్లో బాగా తీసుకున్నాడా?" అన్నాడు.
పేరెత్తలా.

పిల్ల పలక లాక్కుని
వెనకవైపే అ దిద్దుతోంది.
గీత తగిలినప్పుడల్లా బలపం ఎగురుతోంది,
అక్షరం కుంటుతోంది.
అటు తిప్పి రాసుకోవే నున్నగా ఉంటది, అన్నా.
వినదే.